బూడిద చెరువు పక్కన ఉంటే జన్యువులకు హాని జరుగుతుందా?

మీరు రెండు విషయాలు అడిగారు: థర్మల్ ప్లాంటు బూడిద జన్యువుల్ని దెబ్బతీస్తుందన్న మాట నిజమేనా, ఆ బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుకలతో ఇల్లు కట్టుకోవచ్చా అని.

నేను బూడిద చెరువుకి, అంటే ప్లాంటు బూడిదని నీళ్లతో కలిపి వదిలే చోటికి, కిలోమీటరు దూరంలో పెరిగాను. ఎండాకాలం గాలి లేస్తే అమ్మ ఆరేసిన బట్టలు పరుగున తీసేది, అయినా దులిపితే బూడిద రాలేది. ఎమ్మెస్సీ బోటనీ ప్రాజెక్టుకి ఆ బూడిదనే తీసుకెళ్లాను. నీళ్లలో ఒక రోజు నానబెట్టి, వడకట్టి, ఆ తేట నీటిలో ఉల్లిగడ్డలకు వేళ్లు రానిచ్చాం. మామూలు నీళ్లలో వేళ్లు తెల్లగా, పొడుగ్గా సాగాయి. బూడిద నీళ్లలోవి పొట్టిగా ఉండిపోయి కొసలు గోధుమరంగుకి తిరిగాయి. ఆ కొసలకు రంగు పట్టించి మైక్రోస్కోపులో చూస్తే, కణం రెండుగా చీలేచోట క్రోమోజోములు (జన్యువులుండే పోగులు) విడిపోలేక వంతెనలా సాగి ఉన్నాయి. కొన్ని కణాల్లో కేంద్రకం పక్కన విడిగా చిన్న చుక్క, అదే మైక్రోన్యూక్లియస్, అంటే కేంద్రకంలో చేరకుండా మిగిలిపోయిన క్రోమోజోము భాగం. ఉల్లి వేరుకి జరిగినదంతా మనిషికీ జరుగుతుందని కాదు. కానీ ఆ నీళ్లు క్రోమోజోముల జోలికి వెళ్తాయని ఆ రోజు కళ్లారా చూశాను.

బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా, ఐరన్ ఆక్సైడ్. అసలు చిక్కు రేణువు పైపొరలో ఉంది. కొలిమి వేడికి బొగ్గులోని ఆర్సెనిక్, సెలీనియం లాంటి విష మూలకాలు ఆవిరై, పొగ చల్లబడేటప్పుడు రేణువుల మీద పేరుకుంటాయి. సన్నటి రేణువులకు బరువుతో పోలిస్తే పైభాగం ఎక్కువ, కాబట్టి పట్టేదీ ఎక్కువే. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లేవీ అవే. ఆర్సెనిక్ డీఎన్‌ఏ మరమ్మతుకి అడ్డుపడుతుంది. బూడిదలోని క్రోమియం అనే లోహంలో ఎక్కువ భాగం మూడు వేలెన్సీ రూపంలోది, దానితో అంత భయం లేదు. కొద్దిగా ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం మాత్రం కణంలోకి దూరి డీఎన్‌ఏని దెబ్బతీస్తుంది.

అందుకే నాకు ఇటుక కంటే దుమ్ము, బూడిద చెరువు నీరు ఇంకి కలవగల బోరు నీళ్ల గురించే ఎక్కువ టెన్షన్. ఇటుకలో సిమెంటు, సున్నం బూడిదని పట్టి ఉంచుతాయి, నిక్షేపంగా కట్టుకోండి. కోసేటప్పుడు మాత్రం తడిపి కోయమనండి, మేస్త్రీకి మాస్కు ఇవ్వండి. బోరు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో చూపించండి, ఆర్సెనిక్ పరీక్ష చేస్తారో లేదో ముందే అడగండి. లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటితే ఆ నీళ్లు తాగొద్దు, వంటకీ వాడొద్దు. కాచినా ఆర్సెనిక్ పోదు. ఇంట్లో పొడి చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడవండి, ముఖ్యంగా పిల్లలు పాకే చోట.