శేషాచలం చెట్ల మీద మీ ఉత్తరాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా శేషాచలం అడవి గురించే. సెలవుల్లో తిరుమల వెళ్లొచ్చిన వాళ్లు చెట్లు చూసి అడుగుతున్నారు. తిరుపతిలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. ఈ కొండ గురించి అడిగితే నా నోరు ఆగదని మా ఇంట్లో వాళ్లందరికీ తెలుసు. ఎడిటర్ గారికి ఈ నెల తెలుస్తుంది.

ప్రశ్న: మేడమ్, మా పొలం గట్ల మీద ఎర్రచందనం మొక్కలు వేశాను. పన్నెండేళ్లలో చెట్టుకు లక్షలు వస్తాయని మొక్కలమ్మినాయన చెప్పాడు. డ్రిప్ కూడా పెట్టమన్నాడు. నిజంగా అంత వస్తుందా? (రైతు, రైల్వే కోడూరు దగ్గర)

జవాబు: మొక్కలమ్మేవాళ్లకు పన్నెండేళ్లు చాలు బాబూ, చెట్టుకు చాలవు. ఎర్రచందనంలో ధర పలికేది చేవ, అంటే కాండం నడిమి ముదురు చెక్క ఒక్కటే. ఆ చుట్టూ ఉండే తెల్లచెక్కకు విలువ లేదు. చేవ బాగా ముదరాలంటే పాతిక, ముప్పై ఏళ్లు ఆగాలి. అలలు అలలుగా గీతలున్న చెక్కకు మంచి ధర వస్తుందన్నది నిజమే. కానీ ఏ చెట్టులో ఆ గీతలున్నాయో కోసేదాకా నమ్మకంగా చెప్పలేం.

ఈ చెట్టు అడవిలో ఎక్కడ పెరుగుతుందో ఒకసారి చూడండి. శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల. అంతా రాతినేల, మట్టి తక్కువ, ఎండ ఎక్కువ. వాన పడితే నీళ్లు నిలవవు. ప్రపంచంలో సహజంగా పెరిగేది దాదాపుగా మన దగ్గర ఈ కొండల వరసలోనే. అలాంటి చెట్టుకు డ్రిప్ పెట్టి ఎరువులు వేస్తే కాండం తొందరగా లావెక్కుతుంది. లావెక్కినంత మాత్రాన చేవ ముదరదు. మొదటి రెండు, మూడు వేసవులు నీళ్లివ్వండి, తర్వాత దాని మానాన వదిలేయండి. నీళ్లు నిలిచే చోట వేసి ఉంటే మాత్రం వేరు కుళ్లుతుంది.

పట్టా భూమిలో పెంచుకోవడం నేరం కాదు. కొట్టాలన్నా, బండెక్కించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. అందుకే నర్సరీ రసీదు పారేయకండి, చెట్ల సంఖ్యను ఊరి పొలాల లెక్కలుండే అడంగల్‌లో ఎక్కించండి. పాతికేళ్ల తర్వాత మీ కొడుకు 'ఇది అడవిలోది కాదు, మా నాన్న వేసింది' అని కాగితం చూపించాల్సి వస్తుంది.

ఎగుమతి సంగతి కూడా అడుగుతారేమో. మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో ఎర్రచందనం 1995 నుంచి రెండో అనుబంధంలో ఉంది, అంటే అనుమతి పత్రాలతోనే ఎగుమతి. 2004 నుంచి మన దేశం మీద ప్రత్యేక సమీక్ష కూడా నడిచింది. సాగు చేసిన చెట్లను అడవి చెట్ల నుంచి వేరు చేసి చూపించాక, 2023 నవంబరులో ఆ సమీక్ష నుంచి బయటపడ్డాం. రైతులకు అది మంచి కబురే. అలాగని పెళ్లి ఖర్చులకు ఈ గట్టు చెట్లను లెక్కలో వేసుకోకండి. పక్కన మామిడి ఉండనివ్వండి.

ప్రశ్న: అలిపిరి మెట్ల దారిలో ఒక నల్లటి మానును చూసి మా వదిన ఎర్రచందనం అని పందెం కాసింది. దగ్గరికెళ్లి వాసన చూశాను, ఏమీ రాలేదు. ఎవరు గెలిచారు? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వాసన రాలేదని మీ వదిన ఓడిపోలేదమ్మా. ఎర్రచందనానికి పరిమళం ఉండదు. పరిమళమున్న శ్రీగంధం వేరే చెట్టు, వేరే కుటుంబం. ఎర్రచందనం కానుగ, కందుల కుటుంబంలోది. కొనేవాళ్లు కూడా దీన్ని రంగుకో, చెక్కడానికో, జపాన్‌లో వాద్యాల తయారీకో వాడతారు తప్ప వాసనకు కాదు.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ముందు బెరడు చూడండి. నలుపు కలిసిన గోధుమరంగులో, మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. తర్వాత ఆకు. ఒక్కో ఈనెకు మూడు ఆకులు (అరుదుగా ఐదు), గుండ్రంగా, కొసన చిన్న నొక్కుతో. ఐదు నుంచి ఏడు ఆకులుండి, అవి కాస్త పొడవుగా ఉంటే అది వేగిస. ఎర్రచందనానికి దగ్గరి చుట్టమే. షుగర్ ఉన్నవాళ్లు నీళ్లు పోసుకుని తాగమని అమ్మే చెక్క గ్లాసు ఆ వేగిసదే. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే ఎర్రచందనానికి పసుపు పూలుంటాయి. తర్వాత చుట్టూ రెక్క ఉన్న గుండ్రటి కాయలు వస్తాయి. కిందపడిన కాయ దొరికితే ఇక పందెం తేలిపోయినట్లే. చూసి అక్కడే వదిలేయండి.

అయితే అందరూ ఎర్రచందనం ఒక్కటే వెతుక్కుంటూ మిగతావి చూడకుండా పోవడం నాకు కొంచెం కోపం తెప్పిస్తుంది. సినిమాలూ వార్తలూ చేసిన పని అది. ఈ కొండల్లో తంబ జాలారి ఉంది. మనకు తెలిసిన గుగ్గిలం చెట్ల వర్గంలోదే, తూర్పు కనుమల్లో ఈ చుట్టుపక్కల తప్ప చూడలేరు. కొండ సాంబ్రాణి ఉంది, దాని బెరడు కాగితంలా పొరలు పొరలుగా లేస్తుంది. తెల్ల కరక ఉంది. కొండ కొత్తిమీర ఉంది, శాస్త్రీయ నామంలోనే తిరుపతి ఊరి పేరు మోస్తున్న చిన్న మొక్క. ఇక మొగి. చూస్తే నేరేడే అనుకుంటారు. నేరేడుకు ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి, మొగికి ఎక్కువగా ఒకటి ఇటు ఒకటి అటు. పండు నేరేడు కంటే గుండ్రంగా, వగరు ఎక్కువ. తిరుపతి వీధుల్లో బుట్టల్లో అమ్మేవాళ్లు. నాకు నేరేడు కంటే అదే ఇష్టం, ఈ విషయంలో మా ఆయనకూ నాకూ ఇప్పటికీ పడదు.

ఇన్ని ఇక్కడే ఎందుకున్నాయంటే, కారణం కాళ్ల కింద ఉంది. ఈ కొండల పై భాగం క్వార్ట్‌జైట్ రాయి. దాని కింద అంతకంటే ఎంతో పాతదైన గ్రానైట్. ఘాట్ రోడ్డు పక్కన ఆ రెండూ కలిసే గీత కంటికి కనిపిస్తుంది. ఆ గీతకు పైనా కిందా ఉన్న రాళ్ల వయసుకు మధ్య కోట్లాది ఏళ్ల ఖాళీ. దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు. బస్సు కిటికీ పక్కన సీటు దొరికితే ఫోన్ కాసేపు పక్కన పెట్టి చూడండి.

ప్రశ్న: కొండ కింద ఒకాయన 'మదనకామరాజు పువ్వు' అని ఎండబెట్టిన పొడుగాటి కంకి లాంటిది అమ్ముతున్నాడు. మగతనానికి మంచిదట. కొనవచ్చా? పేరు వేయకండి. (నెల్లూరు)

జవాబు: పేరు వేయను, భయపడకండి. కొనకండి. మీరు చూసింది పువ్వు కాదు, కొండ ఈత అనే సైకస్ మొక్క మగ శంకువు. ఈ మొక్కకు బెడ్డోమ్ అనే ఆంగ్లేయ సైనికాధికారి పేరు మీద శాస్త్రీయ నామం పెట్టారు. కడప, తిరుపతి కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. సైటిస్‌లో మొదటి అనుబంధంలో ఉంది, అంటే పులికి ఉన్నంత కట్టుదిట్టం. మన రెండో అనుబంధపు ఎర్రచందనం కంటే ఒక మెట్టు పైన.

ఇందులో ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. మగ మొక్కలకు వచ్చిన శంకువుల్ని కోసేస్తే పుప్పొడి లేదు. పుప్పొడి లేకపోతే పక్కనున్న ఆడ మొక్కకు విత్తనం లేదు. మీ సంచిలోకి వచ్చే ఒక్కో శంకువుతో ఆ ఏటి సంతానం కొంత పోతుంది. పైగా సైకస్ జాతుల్లో సైకాసిన్ అనే విషం ఉంటుంది, కాలేయానికి హాని చేస్తుంది. సమస్య ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

తోటలో అందానికి సైకస్ కావాలంటే నర్సరీల్లో దొరికేది జపాన్ సైకస్. అది కొనుక్కోండి, ఏ ఇబ్బందీ లేదు.

ప్రశ్న: మా అమ్మమ్మ చేసే నన్నారి షర్బత్ రుచి మర్చిపోలేను. ఇప్పుడు సీసాల్లో వచ్చేది పంచదార పాకంలా ఉంది. అసలు వేరు దొరుకుతుందా? ఇండియా వచ్చినప్పుడు తెచ్చుకోవచ్చా? (డల్లాస్ నుంచి)

జవాబు: మీ అమ్మమ్మ వాడింది ఏ వేరో ముందు తేలాలి. సన్నటి, పుల్లల్లాంటి వేరు అయితే సుగంధి పాల. పొలం గట్ల మీద కూడా పాకుతుంది, అంత కొరత లేదు. లావుగా, కండతో, పచ్చళ్లకు కూడా కోసే వేరు అయితే మారేడు కొమ్ములు (మారేడు చెట్టుకూ దీనికీ సంబంధం లేదు). రాళ్ల సందుల్లో పెరిగే తీగ, వేరు విరిస్తే వెనిలా లాంటి ఘాటు వాసన. రాయలసీమలో ఎక్కువ చోట్ల షర్బత్‌కు వాడేది ఈ రెండోదే. అడవిలో తగ్గిపోతున్నదీ ఇదే.

ఎందుకంటే దీనికి ఆకు కోయరు, కాయ కోయరు, వేరు లాగుతారు. వేరు లాగితే తీగ చచ్చింది. పూర్వం యానాదులు, మిగతా అడవి జనం ఇంటి వాడకానికీ సంతకూ తవ్వేవారు. కొంత వేరు మట్టిలో వదిలేసేవాళ్లూ ఉండేవారు. ఇప్పుడు టోకు వ్యాపారి కిలోల లెక్కన అడుగుతాడు, తవ్వేవాడికి వదిలే తీరిక ఉండదు. తవ్వినవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లకు దక్కేది మీరు సీసాకిచ్చే ధరలో చిన్న ముక్క.

శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు హద్దుల లోపల తవ్వడం పూర్తిగా నిషేధం. విత్తనాల నుంచి, టిష్యూ కల్చర్ నుంచి మొక్కలు పెంచవచ్చు, సాగు చేయవచ్చు. వచ్చినప్పుడు మీ ఊళ్లో ఎవరినైనా రెండు తీగలు పెరట్లో నాటమనండి. కొన్నేళ్లకు వేరు చేతికొస్తుంది. విమానంలో ఎండు వేరు, మొక్కల సామాను తీసుకెళ్లడానికి అక్కడి వ్యవసాయ తనిఖీ నియమాలుంటాయి. షర్బత్ ఇక్కడే కాచి సీసా పట్టుకెళ్లడం తేలిక. నిమ్మరసం మాత్రం అక్కడికెళ్లాకే కలపండి.

ప్రశ్న: మా యువజన సంఘం తరఫున వానాకాలంలో ఘాట్ రోడ్డు పొడవునా విత్తన బంతులు విసరాలనుకుంటున్నాం. కానుగ, సుబాబుల్, ఆస్ట్రేలియా తుమ్మ విత్తనాలు సేకరించాం. మీ ఆశీస్సులు కావాలి. (కడప)

జవాబు: ఆశీస్సులు మీకు, విత్తనాలకు కాదు. ఇది బంజరు కాదు నాయనా. 1989లో జాతీయ పార్కయిన అడవి, సుమారు 353 చదరపు కిలోమీటర్లు. దాన్నీ చుట్టుపక్కల కొండల్నీ కలిపి 2010లో 4,755 చదరపు కిలోమీటర్ల బయోస్ఫియర్ రిజర్వుగా (అడవినీ అందులోని జీవజాలాన్నీ కాపాడే ప్రాంతంగా) ప్రకటించారు. ఇందులో చెట్లు లేని చోటు కనిపిస్తే అది ఖాళీ అనుకోవద్దు. రాతి బండ మీద గడ్డి, గడ్డిలో ఆ కొండ ఈత, కొండ కొత్తిమీర. మీ సుబాబుల్ మొలిచిందంటే వాటి మీద నీడ పడుతుంది, ఇక వాటి పని అంతే. ఆస్ట్రేలియా తుమ్మను ఒకప్పుడు పచ్చదనం తొందరగా వస్తుందని తిరుమల మీద నాటారు. పచ్చదనం వచ్చింది. దాని కింద మన మొక్కలు సరిగా మొలవడం లేదు.

ఆ ఉత్సాహం ఊళ్లో చూపించండి. మీ బడి ఆవరణలో, చెరువు కట్ట మీద కానుగ నాటి మూడేళ్లు నీళ్లు పోయండి. విసరడం కంటే కష్టం, నాకు తెలుసు.

ప్రశ్న: శేషాచలంలో ప్రతి వేసవీ మంటలే. చెట్లు ఎక్కువ ఉండటం వల్లనా? (తిరుపతి, ఇంటర్ విద్యార్థి)

జవాబు: చెట్లతో కాదు, గడ్డితో మొదలవుతుంది. ఈ కొండల మీద బోద గడ్డి నిలువెత్తు పెరుగుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరుకు ఆగిపోతే, ఫిబ్రవరికల్లా అది ఎండి కరకరలాడుతుంది. దానికి ఒక బీడీ ముక్క చాలు. 2014 మార్చిలో మంటలు తిరుమల దగ్గరికొస్తే వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్లు చల్లాయి. అటవీశాఖ వాళ్లు ముందే గడ్డి కోసి ఫైర్ లైన్లు (మంట దాటకుండా ఖాళీ పట్టీలు) వేస్తారు, ఆ పని ఎండలో ఎంత కష్టమో ఎవరికీ కనపడదు.

కొండ ఈత, ఎర్రచందనం ముదురు మొక్కలు మంటను కొంత తట్టుకుంటాయి. కాలిన కొండ ఈతకు కొన్ని వారాల్లో లేత ఆకుల గుత్తి వస్తుంది. అది చూసి 'మంట మంచిదే' అనేవాళ్లున్నారు. ఒకసారి కాలితే కోలుకుంటుంది సరే, వరుసగా ఏటేటా కాలితే చిన్న మొలకలు ఒక్కటీ మిగలవు. ముసలి చెట్లు ఉంటాయి, పిల్ల చెట్లు ఉండవు. ప్రాజెక్టు వర్క్ చేస్తానని కింద రాశావు కదా. ఎర్రచందనం పెద్ద చెట్టు చుట్టూ పది అడుగుల్లో ఎన్ని మొలకలున్నాయో లెక్కపెట్టడం మంచి ప్రాజెక్టు. అటవీశాఖ అనుమతి మీ లెక్చరర్ ద్వారా అడుగు, ఒంటరిగా లోపలికి వెళ్లకు.

ప్రశ్న: తలకోనలో గిల్ల తీగ చూశాం, కాయ మనిషంత ఉంది! గిల్ల గింజ ఒక్కటి తెచ్చుకుంటే తప్పా? మళ్లీ ఎప్పుడు వెళ్తే బాగుంటుంది? (అనంతపురం)

జవాబు: తప్పే. జాతీయ పార్కులో రాలిన గింజ కూడా అడవి సొత్తే. ఆ నున్నటి గింజ కోసం అందరి చేతులూ దురదపెడతాయి, నావీ పెట్టాయి. జలపాతం నిండుగా చూడాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వానలు పడ్డాక వెళ్లండి, వేసవిలో వెళ్తే సన్నటి ధారే దొరుకుతుంది. కాయ నిజంగా మనిషంత ఉందో లేదో తేలాలంటే టైలర్ టేపు పట్టుకెళ్లి కొలవండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. మీటరు దాటితే నాకు రాయండి.