చూసిన కూలి

ప్రశ్న: మాది సింగరాయకొండ దగ్గర పల్లె. మా ఆయనకి 43 ఏళ్లు. పద్దెనిమిదేళ్లుగా మోటార్ల వైండింగ్ షాపు నడుపుతున్నాడు. ఫ్యాన్లు, మిక్సీలు, బోరు మోటార్లు, రొయ్యల చెరువుల ఏరియేటర్ మోటార్లు అన్నీ చేస్తాడు. పని బాగుంటుందని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కానీ ఇంటికొచ్చేది నెలకి 17 వేలు. ఫ్యాన్ తిరగట్లేదని ఎవరన్నా తెస్తే కండెన్సర్ మార్చి 60 రూపాయలు తీసుకుని పంపేస్తాడు. ‘కాలిపోయింది, వైండింగ్ చెయ్యాలి’ అంటే 600 వచ్చేది గదా అని ఎదురు షాపాయన నవ్వుతాడు. మా అన్న షాపు మూసేసి ఒంగోలులో సర్వీస్ ఉద్యోగంలో చేరమంటున్నాడు, 24 వేలు ఇస్తారంట. లేకపోతే ఇల్లు తాకట్టు పెట్టి 8 లక్షలు తెచ్చి కొత్త ఫ్యాన్లు, మిక్సీలు అమ్మమంటున్నాడు. పెద్దమ్మాయి ఇంటర్‌కొచ్చింది. ఈయన నిజాయితీతో మా ఇల్లు గడిచేట్టు లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ 8 లక్షల సంగతి తేల్చేద్దాం. 11 శాతం వడ్డీతో ఐదేళ్లకి తీసుకుంటే నెలకి కంతు దాదాపు 17,400. మీ ఇంటికొస్తున్నది 17,000. సరుకు అమ్ముడైనా కాకపోయినా కంతు కట్టాలి, తాకట్టులో ఉన్నది మీరు పడుకునే ఇల్లు. పైగా ఫ్యాన్లు అమ్మడం ఆయనకి చేతనైన పని కాదు. బాగయ్యే పాత ఫ్యాన్ ఎవరైనా పట్టుకొస్తే, కొత్తది కొనమని ఆయన నోటమ్మట మాట రాదు. అది వద్దు.

ఇక షాపు. మీరు ఉత్తరంతో పాటు పంపిన నోటు పుస్తకం పేజీలు రెండు సార్లు చూశాను. నెలకి 62,000 గల్లాలో పడుతోంది. రాగి తీగ, బేరింగులు, వార్నిష్, కండెన్సర్లకి 29,000. అద్దె 4,500, కుర్రాడి జీతం 9,000, కరెంటూ పెట్రోలూ 2,500. మిగిలేది 17,000. ఇందులో దుబారా ఒక్క రూపాయి కూడా కనబడలేదు నాకు. కనబడింది వేరే. ఒక్క వారంలో 41 పనులు రాశారు. వాటిలో పదమూడింటికి సామాను ఖరీదు తప్ప ఏమీ తీసుకోలేదు. నాలుగింటి ఎదురుగా ‘ఊరికే’ అని రాసుంది. ఊరికే అంటే ఏంటమ్మా? మిక్సీ విప్పాడు, చూశాడు, కార్బన్ బ్రష్ సర్దాడు, బిగించాడు. అరగంట పట్టదూ?

అందుకే ఉత్తరంలో మీరు వాడిన ‘నిజాయితీ’ అన్న మాట దగ్గరే నాకు పేచీ. కండెన్సర్ పోతే కండెన్సరే పోయిందని చెప్పడం నిజాయితీ. దాన్ని వెతికి పట్టుకున్న పనికి డబ్బులు అడగలేకపోవడం మొహమాటం. మీ ఇంటిని ఇబ్బంది పెడుతున్నది రెండోది.

నా సంగతొకటి చెబుతాను. పోయిన వేసవిలో మా ఇంట్లో వాషింగ్ మెషిన్ ఆగిపోయింది. ఫోన్ చేస్తే యూనిఫాం వేసుకున్న కుర్రాడొచ్చి, పది నిమిషాలు చూసి, బోర్డు పోయింది, 7,200 అన్నాడు. మా ఆవిడకి నమ్మకం కుదరక నెల్లూరు సంతపేటలో ఒక చిన్న షాపు పెద్దాయన్ని పిలిచింది. ఆయన మెషిన్ వెనక్కి తిప్పి, లైటు వేసి చూసి, ఎలుక కొరికిన తీగ చూపించాడు. అతికించి టేపు చుట్టాడు. ‘చూసినందుకు రెండొందలు, తీగకి వంద’ అన్నాడు, నా మొహంలోకి సూటిగా చూస్తూ. నసగలేదు. నేను సంతోషంగా ఇచ్చాను. ఆ మెషిన్ ఇప్పటికీ తిరుగుతోంది, ఆ పెద్దాయన నంబరు మా వీధిలో ఆరిళ్లకి పాకింది.

మీ వారూ అంత సూటిగానే అడగాలి. షాపులో బోర్డు పెట్టండి: చూసిన కూలి 80 రూపాయలు, సామాను వేరే. వారానికి 13 పనులంటే నెలకి 52. అక్కడే 4,160 వస్తుంది. 60 రూపాయల ఫ్యాన్ 140 అవుతుంది. కొత్త ఫ్యాన్ కొనే ఖర్చు ముందు అదెంత? ఎదురు షాపులో 600 పోసేవాడికి ఇంకా 460 మిగిలినట్టే.

చెరువుల వాళ్ల లెక్క వేరు. రాత్రి తెల్లవారబోయే ముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ ఆగితే పొద్దున్నే రొయ్యలు తేలిపోతాయి. మూడు నాలుగు నెలల పెట్టుబడి ఒక్క రాత్రిలో పోతుంది. ఆ భయంతోనే రెండు గంటలప్పుడు మీ తలుపు కొడతారు. మీ వారు లేచి వెళ్లి పగటి రేటే తీసుకుంటున్నారు! రాత్రి పనికి అదనంగా 500 అనండి, ఏ రైతూ కాదనడు. పుస్తకంలో నెలకి ఆరు రాత్రులు కనబడ్డాయి, అంటే 3,000. పనిలో పనిగా, మూడు ఫేజుల్లో ఒకటి పోయి కాలిన మోటారు తెచ్చిన ప్రతివాడికీ, ఒక ఫేజు పోగానే మోటారుని ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టించుకోమని చెప్పమనండి. రేపటి వైండింగ్ ఒకటి తగ్గుతుంది నిజమే, కానీ ఆ రైతు మాత్రం ఇంకెక్కడికీ పోడు.

ఇంకో చిల్లు ఉంది. పుస్తకం ప్రకారం రైతుల దగ్గర మీకు రావలసింది 1,40,000. దానికి వడ్డీ లేదు. అదే సమయంలో రాగి తీగ కోసం మీరు తెచ్చిన 60,000కి నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే నెలకి 1,200 కడుతున్నారు. చెరువుల వాళ్లకి మీరే ఫైనాన్స్ నడుపుతున్నట్టు, అదీ చేతి నుంచి వేసుకుని. ఇక మీదట తీగా, బేరింగుల డబ్బు ముందు తీసుకుని మోటారు విప్పండి. కూలి మాత్రం రొయ్యల పట్టుబడి అయ్యేదాకా ఆగండి. పాత బాకీ ఒక్కసారిగా అడిగితే మొహాలు మాడతాయి, పట్టుబడి పట్టుబడికీ కొంత రాబట్టుకోండి. రెండు రూపాయల అప్పు మాత్రం ముందు తీర్చాలి. మీరు డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడ అడగండి. దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం తరవాత పొదుపు సంఘాలు ఊపందుకున్నది పక్కనున్న నెల్లూరు జిల్లాలోనే, మన ఆడవాళ్లకి వాటి సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. లేదా బ్యాంకులిచ్చే ముద్ర లోన్లలో శిశు కింద తాకట్టు లేకుండా 50,000 దాకా ఇస్తారు. వడ్డీ దాదాపు సగానికి దిగుతుంది.

చేతివృత్తుల వాళ్లకిచ్చే విశ్వకర్మ పథకం ఇప్పిస్తామని ఎవరైనా రావచ్చు. అందులోని 18 వృత్తుల్లో మోటార్ వైండింగ్ లేదు, ఏజెంటుకి డబ్బులిచ్చి మోసపోకండి. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించుకోండి. మీ వ్యాపారం ఏడాదికి ఏడున్నర లక్షల లోపే కాబట్టి జీఎస్టీ గొడవ లేదు. అటల్ పెన్షన్‌లో చేరడానికి వయసు 40 దాటకూడదు, ఆ తలుపు మూసుకుపోయింది. ఎన్‌పీఎస్ అని ఇంకో పెన్షన్ పథకం ఉంది, అప్పు తీరాక చూద్దాం. కరెంటుతో పని చేసే మనిషి కాబట్టి ఏడాదికి 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా, 436 రూపాయల జీవన జ్యోతి జీవిత బీమా మాత్రం ఈ వారమే బ్యాంకులో రాయించండి. చెరి 2 లక్షలు.

ఇప్పుడు 24 వేల ఉద్యోగం. సింగరాయకొండ నుంచి ఒంగోలుకి రానూపోనూ ప్రయాణం, మధ్యాహ్నం భోజనం కలిపి 3,000 పోతుంది. 21,000 జీతం దాటితే ఈఎస్ఐ వైద్యం కూడా ఉండదు. చేతికి మిగిలేది 21,000. షాపులో నేను చెప్పినవి చేస్తే, వడ్డీలో మిగిలే 600తో కలిపి 24,700 దాకా లెక్క తేలుతుంది. అందరూ ఇవ్వరు, కొందరు గొణుగుతారు, ఒకరిద్దరు ఎదురు షాపుకి పోతారు. 22,000 అనుకుందాం. ఉద్యోగం కంటే పెద్ద తేడా లేదంటారేమో. పద్దెనిమిదేళ్ల పేరు అక్కడికి వెంట రాదు, ఇక్కడ షాపు మూసిన మర్నాడే అది పోతుంది.

నా భయం ఒక్కటే. ఫ్యాన్లకి స్టార్ లేబుల్ 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది, 30 వాట్ల చిల్లరతో తిరిగే, లోపల ఎలక్ట్రానిక్ బోర్డుండే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పల్లెల్లోకీ వస్తున్నాయి. వాటిలో పోయేది ఎక్కువగా బోర్డు, వైండింగ్ కాదు. మీ వారు ఆ బోర్డు పని నేర్చుకోకపోతే ఐదారేళ్లలో ఫ్యాన్ల బేరం సన్నగిల్లుతుంది. అదనంగా వచ్చే ఐదు వేలలో మొదటి మూడు నెలలది ఇందుకే పెట్టండి. మంచి సోల్డరింగ్ స్టేషన్, మీటరు కొని, ఒంగోలులో తెలిసిన మెకానిక్ దగ్గర వారానికి ఒక రోజు కూర్చోమనండి. అన్నగారు చెప్పిన 8 లక్షల కంటే ఈ 15,000 పెట్టుబడి నయం.

షాపులో పెట్టే ఆ కూలి బోర్డు మాత్రం మీరే దగ్గరుండి రాయించండమ్మా. ఆయనకి వదిలేస్తే ఎనభైని నలభై చేస్తాడు.