పాత మిలిటరీ రైఫిళ్లు ఇప్పటి యుద్ధానికి, వేటకు పనికొస్తాయా?

మీరు అడిగింది ఇదీ: రెండు ప్రపంచయుద్ధాల నాటి ఎన్‌ఫీల్డ్, మౌజర్, మోసిన్ నాగాంత్ లాంటి రైఫిళ్లు ఈ రోజున యుద్ధానికో వేటకో పనికొస్తాయా, లేక అద్దాల బీరువాలో పెట్టుకోవడానికేనా అని. తాతగారి తాలూకు .315 రైఫిల్ ఒకటి ఇంట్లో ఉందనీ, అది కూడా ఆ కోవలోదేనా అనీ చివర్లో రాశారు.

నేను సైన్యంలో ఈఎంఈ అనే మరమ్మతుల విభాగంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, చేసి రిటైరయ్యాక హైదరాబాద్ సైనిక్‌పురిలో స్థిరపడ్డాను. సర్వీసులో చేతికొచ్చినవి ఎక్కువగా ఎస్ఎల్ఆర్, ఇన్సాస్ అనే తర్వాతి తరం సైనిక రైఫిళ్లు. కానీ ఎన్‌సీసీ యూనిట్ల త్రీ నాట్ త్రీలు (.303 ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు) తనిఖీకీ రిపేరుకీ చాలా ఏళ్లు నా బల్ల మీదికి వచ్చాయి. వాటి మీద నాకు ప్రేమ ఉంది. అయినా ఉన్నదున్నట్టే చెబుతాను. యుద్ధంలో వాటి కాలం అయిపోయింది, ఒక్క పని తప్ప. వేటలో మాత్రం ఈ రోజు కొత్తగా కొన్న రైఫిల్ పక్కన నిలబడగలవు, తూటా మారిస్తే.

ముందు యుద్ధం సంగతి. 1907లో వచ్చిన షార్ట్ మ్యాగజైన్ లీ ఎన్‌ఫీల్డ్ మార్క్ 3, రెండో ప్రపంచయుద్ధంలో దాని తర్వాత వచ్చిన నంబర్ 4, రెండింటినీ మనం త్రీ నాట్ త్రీ అనే పిలుస్తాం. పది రౌండ్లు, అంటే తూటాలు, పట్టే మ్యాగజైన్, ఐదేసి రౌండ్ల క్లిప్పులు రెండు పెడితే నిండుతుంది. ప్రతి గుండు తర్వాత చేత్తో వెనక్కి లాగి ముందుకు తోసే ఉక్కు కడ్డీయే బోల్టు. బోల్టు లాక్ అయ్యే చెవులు వెనకవైపు ఉంటాయి కాబట్టి బోల్టు ఎక్కువ దూరం లాగక్కర్లేదు. హ్యాండిల్ ట్రిగ్గర్‌కి ఆనుకున్నట్టే ఉంటుంది. స్ప్రింగ్ బిగుసుకునేది బోల్టును ముందుకు తోసేటప్పుడు, అంటే చెయ్యి ఎలాగూ బలంగా నెట్టే సమయంలో. ఈ మూడూ కలిసి దానికి ఆ వేగం ఇచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు బ్రిటిష్ సిపాయి నుంచి అడిగింది ఒక్క నిమిషంలో 300 గజాల టార్గెట్ మీద పదిహేను గుళ్లు. బోల్టు రైఫిల్‌తో అది తక్కువ పని కాదు. మౌజర్‌తో అంత వేగం రాదు. బోల్టు దూరం ఎక్కువ, లోపల పట్టేవి ఐదే రౌండ్లు.

అంత మంచి రైఫిల్‌నే మన జవాన్లు 1962లో హిమాలయాల్లోకి మోసుకెళ్లారు. ఎదుట చైనావాళ్ల చేతుల్లో సెమీ ఆటోమేటిక్, ఆటోమేటిక్ ఆయుధాలున్నాయి. ఆ దెబ్బ తర్వాతే మన దగ్గర ఎస్ఎల్ఆర్ రంగంలోకి దిగింది. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ అప్పుడే పాత ఎన్‌ఫీల్డ్ డిజైన్‌ను ఎస్ఎల్ఆర్ వాడే 7.62 మిల్లీమీటర్ల రౌండ్‌కి సరిపడేలా గట్టి ఉక్కుతో మళ్లీ తయారుచేసి 2ఏ అని పేరు పెట్టింది. పోలీసు బలగాల చేతుల్లో అది దశాబ్దాలు నడిచింది.

లోపం రైఫిల్ తయారీలో లేదు, యుద్ధం జరిగే తీరు మారింది. సిపాయి రైఫిల్‌తో నిజంగా కాల్చే దూరం చాలావరకు 300 మీటర్ల లోపేనని రెండో ప్రపంచయుద్ధం నాటికి అందరికీ తెలిసొచ్చింది. త్రీ నాట్ త్రీ రౌండ్‌ను తయారుచేసింది దానికి రెండు మూడింతల దూరానికి. ఆ అదనపు శక్తి అంతా సిపాయి మోసే బరువు, భుజానికి తగిలే దెబ్బ. ఇన్సాస్ వాడే 5.56 రౌండ్ బరువు దాంట్లో సగం కూడా ఉండదు. అదే బరువుకి రెట్టింపు తూటాలు మోసుకెళ్లొచ్చు. ఇంకో సంగతి: కాల్పుల్లో సగం పని శత్రువును చంపడం కాదు, వాడిని తల ఎత్తనివ్వకుండా చేయడం. ఒకడు అలా కాలుస్తూ ఉంటే పక్కవాడు ముందుకు కదులుతాడు. ప్రతి గుండుకీ బోల్టు లాగుతూ ఆ పని చేయడం చాలా కష్టం. 2008 నవంబరు 26 రాత్రి ముంబై సీఎస్‌టీ స్టేషన్‌లో ఏకే రైఫిళ్లకు ఎదురుగా మన పోలీసుల్లో కొందరి చేతుల్లో ఉన్నవి ఈ పాత త్రీ నాట్ త్రీలే. ఆ పరిస్థితిలో వాళ్లు ఎంత ధైర్యం చూపినా ఆయుధం సాయపడదు. పాత రైఫిల్‌ను పొగిడేవాళ్లు ఆ రాత్రిని మరిచిపోకూడదు.

ఆ ఒక్క పని అన్నాను కదా, అది దూరం నుంచి ఒక్కటే గుండు కాల్చడం. బ్రిటన్ తన నంబర్ 4 రైఫిళ్లను 7.62కి మార్చి ఎల్42ఏ1 అనే స్నైపర్ రైఫిల్‌గా చేసుకుంది. 1982లో ఫాక్లాండ్స్ యుద్ధానికి కూడా అదే వెళ్లింది. ఫిన్లాండ్ సిపాయి సిమో హైహా 1939-40 శీతాకాల యుద్ధంలో మోసిన్ నాగాంత్ ఫిన్నిష్ మోడల్‌తో, స్కోప్ (దూరదర్శిని) లేకుండా మామూలు సైట్‌తోనే, వందల మంది శత్రువులను కొట్టాడని చెబుతారు. ఓపిగ్గా గురి పట్టి ట్రిగ్గర్ నొక్కేవాడికి బోల్టు రైఫిల్ ఇప్పటికీ తీసిపోదు. కానీ అలాంటివాడు వందమందిలో ఒకడుంటాడు, సైన్యం మిగతా తొంభై తొమ్మిది మందికీ ఆయుధం ఇవ్వాలి.

మన్నికలో మాత్రం వీటికి వంక పెట్టలేం. కెనడా ఉత్తర ధ్రువం వైపు మంచులో గస్తీ తిరిగే రేంజర్లు అనే దళం ఉంది, 1947లో పెట్టారు. వాళ్ల చేతుల్లో నంబర్ 4 ఎన్‌ఫీల్డ్ డెబ్బై ఏళ్లు ఉంది. ధ్రువపు ఎలుగుబంటి మీదికొస్తే కాపాడాల్సింది అదే. 2018 ప్రాంతంలో కొత్త రైఫిళ్లు ఇచ్చారు. పాతవి చెడిపోయాయని కాదు, విడిభాగాలు దొరక్క.

ఇక వేట. ఇక్కడ అందరూ రైఫిల్ పేరు అడుగుతారు, అడగాల్సింది తూటా సంగతి. సైన్యం వాడే తూటాకు రాగి తొడుగు నిండుగా ఉంటుంది. జంతువులో సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతుంది. దెబ్బతిన్న జింక కిలోమీటర్ల దూరం పరిగెత్తి ఏ పొదలోనో రోజంతా నరకం అనుభవించి చస్తుంది. పులో పందో అయితే గాయంతో ఎదురు తిరుగుతుంది. వేటకు కావాల్సింది ముందు కొన మెత్తగా ఉండి, లోపలికి వెళ్లగానే పుట్టగొడుగులా విచ్చుకునే సాఫ్ట్ పాయింట్. అలాంటి తూటాను 1890లలో బ్రిటిష్‌వాళ్లు కలకత్తా దగ్గర డమ్ డమ్ ఫ్యాక్టరీలో సైన్యం కోసమే తయారుచేశారు, ఆ పేరు ప్రపంచమంతా పాకింది. 1899 హేగ్ సమావేశంలో మనుషుల మీద యుద్ధంలో అలాంటివి వాడకూడదని ప్రకటించారు. అంటే యుద్ధంలో తప్పైనది వేటలో ధర్మం. ఒకే రైఫిల్, రెండు పనులకు రెండు వేర్వేరు తూటాలు. ఈ ఒక్కటీ తెలియకుండా మిలిటరీ మందుగుండు తీసుకుని అడవిలోకి వెళ్లేవాడంటే నాకు కోపం వస్తుంది.

సరైన తూటా వేస్తే .303, జర్మన్ 7.92, అమెరికా .30-06, రష్యా 7.62 నాలుగూ జింకకీ పందికీ అంతకంటే పెద్ద వాటికీ బాగా సరిపోతాయి. యుద్ధాలయ్యాక కెనడా, ఆస్ట్రేలియా, అమెరికాల్లో మిగులు రైఫిళ్లు చవగ్గా అమ్మారు. రైతులు ముందు చెక్క కోయించి బరువు తగ్గించుకుని తరాల తరబడి వాడారు.

వాటిలో నా మొదటి ఓటు 1898 మౌజర్‌కి. బంజారాహిల్స్‌లో తెలిసినవాళ్ల దగ్గర ఆ యాక్షన్ (బోల్టు, దాన్ని పట్టి ఉంచే బాడీ) మీద కట్టిన .30-06 వేట రైఫిల్ ఉంది, లైసెన్సుది. దాని బోల్టు నెమ్మదిగా తోసి చూడండి. మ్యాగజైన్ నుంచి రౌండ్ పైకి రాగానే పక్కనున్న పొడవాటి ఎక్స్‌ట్రాక్టర్ అనే ఉక్కు కొక్కెం దాని అంచును పట్టేసుకుంటుంది. రౌండ్ కూర్చునే చాంబర్‌లోకి వెళ్లేదాకా వదలదు, కాల్చాక ఖోకాను (ఖాళీ తూటా గొట్టాన్ని) బయటికి విసిరేదాకా వదలదు. రైఫిల్ తలకిందులుగా ఉన్నా రౌండ్ జారదు, సగం తోసి వెనక్కి లాగినా రెండో రౌండ్ దాని వెనక ఇరుక్కోదు. జంతువు ఎదురొచ్చినప్పుడు మనిషికి కంగారు పుడుతుంది, చెయ్యి తప్పుతుంది. ఆ తప్పును ఈ ఉక్కు పంజా సర్దుకుంటుంది. నరభక్షక పులులను వేటాడిన జిమ్ కార్బెట్ వాడిన .275 రిగ్బీ కూడా మౌజర్ యాక్షన్ మీద కట్టిందే. ఈ రోజు పెద్ద జంతువుల వేటకు లక్షలు పోసి కొనే ఖరీదైన రైఫిళ్లలో చాలావాటి లోపల ఉండేది ఇదే ఏర్పాటు. మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనా వైపు వెళ్లిన మన హైదరాబాద్ లాన్సర్లకు ఎదురుగా ఉన్న తుర్కీ సైన్యం చేతిలోనూ మౌజర్లే.

ఎన్‌ఫీల్డ్ రెండోది. వేగం ఉంది, కానీ దాని రౌండ్‌కి వెనక అంచు బయటికి ఉంటుంది. నింపేటప్పుడు పై రౌండ్ అంచు కింది రౌండ్ అంచుకి ముందు ఉండాలి, లేకపోతే ఇరుక్కుంటుంది. స్కోప్ బిగించడం కూడా తలనొప్పి. మోసిన్‌ను వేటకు నేను సిఫార్సు చేయను. గట్టిదే, కానీ సేఫ్టీ వేయాలంటే వెనక గుబ్బను బలంగా లాగి తిప్పాలి. చలికి బిగుసుకున్న వేళ్లతో ఎవరూ ఆ పని చేయరు, అంటే సేఫ్టీ లేకుండానే నడుస్తారు. అమెరికా గారండ్‌కి ఎనిమిది రౌండ్లు, సెమీ ఆటోమేటిక్, ఆ తరంలో యుద్ధానికి అన్నిటికంటే మెరుగు. వేటకు తెస్తే ఇప్పటి బరువైన .30-06 రౌండ్లు దాని గ్యాస్ రాడ్‌ను వంచేస్తాయి, రౌండ్ ఎంచుకుని వాడాలి.

పేరు కంటే మీ చేతిలో ఉన్న ఆ ఒక్క రైఫిల్ స్థితి ముఖ్యం. నా బల్ల మీదికి వచ్చిన ఎన్‌సీసీ రైఫిళ్లలో కొన్ని ఎక్కువ కాల్చినవి కావు, ఎక్కువ తుడిచినవి. ఫుల్ త్రూ అనే బ్యారెల్ తుడిచే తాడుకి గుడ్డపీలిక కట్టి రోజూ మజిల్ (బ్యారెల్ ముందు మూతి) వైపు నుంచి వంకరగా లాగీ లాగీ తాడు ఒరుసుకున్న చోట అంచు అరిగిపోయి ఉంటుంది. అలాంటిది ఎంత మెరిసినా గుండు నేరుగా పోదు. చూసే పద్ధతి తేలిక. బోల్టు తీసి మ్యాగజైన్ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ చూసుకున్నాక బ్యారెల్‌ను వెలుతురు వైపు పెట్టి వెనకనుంచి చూడాలి. లోపలి మెలికల గీతలు పదునుగా కనిపించాలి, నల్లటి గుంటలు ఉండకూడదు. పాత మందుగుండు ప్రైమర్‌లో ఉప్పు మిగిల్చే రసాయనం ఉండేది. దాన్ని నూనె కడగదు, వేడినీళ్లే కడగాలి. హైదరాబాద్ వానాకాలంలో రెండ్రోజులు వదిలేస్తే చాలు, ఆ గుంటలు మొదలవుతాయి. తర్వాత బోల్టు హ్యాండిల్ మీది నంబరు, బాడీ మీది నంబరు ఒకటేనా చూడాలి. వేరే రైఫిల్ బోల్టు తెచ్చి బిగించి ఉంటే రౌండ్ వెనక సందు ఎక్కువై ఖోకా పగలొచ్చు, వేడి గ్యాస్ కంట్లో కొట్టొచ్చు. ఆ సందును కొలిచే గేజ్ పెట్టి చూడకుండా అలాంటిది కాల్చకూడదు.

మీ .315 గురించి. బ్రిటిష్‌వాళ్లు సైన్యం తూటాలు జనం చేతిలో పడకూడదని సైనిక బోర్లను (గొట్టం కొలతలను) ఇక్కడ నిషేధించారు, అందుకే వేటకు ఈ వేరే బోర్ వచ్చింది. ఇషాపూర్ .315 లోపల ఉన్నది ఎన్‌ఫీల్డ్ యాక్షనే. తూటా బరువైనది, నెమ్మదిగా పోతుంది, అడవిపందికి 100 మీటర్ల లోపు చక్కగా సరిపోతుంది. ఇప్పటికీ చట్టంలో .303, 7.62 బోర్ రైఫిళ్లు నిషేధిత కోవలోనే ఉన్నాయి, .315 దాని బయట ఉంది. కాబట్టి మామూలు లైసెన్సుతో ఉంచుకోవచ్చు.

కానీ వేట మాట మరిచిపోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ తర్వాత సరదాకు వేట లేదు. వనస్థలిపురంలోని హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటస్థలం, ఇప్పుడు అక్కడ కృష్ణజింకలు నిశ్చింతగా తిరుగుతున్నాయి, అలాగే తిరగాలి. పంట నాశనం చేసే అడవిపందులను కూడా అధికారుల అనుమతి ఉన్న షూటర్లే కాల్చాలి.

తాతగారి లైసెన్సు ఆయనతోనే పోయింది. మీ పేరు మీద లైసెన్సు వచ్చేదాకా అది ఇంట్లో ఉండకూడదు, బీరువాలో తాళం వేసి ఉన్నా సరే. దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న ఆయుధ డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. ఆ రసీదు, పాత లైసెన్సు, మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం జతచేసి పోలీస్ కమిషనరేట్‌లో దరఖాస్తు పెట్టండి. లైసెన్సు వచ్చాక, ఒక్క గుండు కూడా పేల్చకముందు, ఎవరైనా పాత ఆర్మరర్ చేత బోల్టు, చాంబర్ చూపించండి.