పాడుబడిన కట్టడాల ఫొటోల్లో మనుషులు ఎందుకు కనిపించరు?

ఫొటోగ్రాఫర్ చూపించాలనుకునేది మనిషిని కాదు, మనిషి అక్కడ వదిలివెళ్లిన గుర్తులను. అందుకే కళాత్మక ఫొటోల్లో పాడుబడిన కట్టడాలు ఎక్కువగా ఖాళీగా కనిపిస్తాయి. ఒక్క ముఖం ఉన్నా మన చూపు దాని మీదికే పోతుంది, కథ ఆ ఒక్కరిదైపోతుంది. ఎవరూ లేని గదిలోనైతే చూసేవాళ్లు తమవాళ్లను తెచ్చి నిలబెట్టుకుంటారు. కెమెరా కూడా దీనికి సాయపడుతుంది. కరెంటు లేని గదుల్లో దాన్ని స్టాండు మీద పెట్టి, వెలుగును లోపలికి వదిలే షట్టర్‌ను కొన్ని సెకన్లు, ఒక్కోసారి నిమిషాలు తెరిచి ఉంచుతారు. ఫొటోలో గోడ స్పష్టంగా పడుతుంది. నడిచి వెళ్లిన మనిషి పొగలా చెదిరిపోతాడు, లేదా అసలు పడనే పడడు.

వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లునే తీసుకోండి. అది మూతపడింది, కట్టడాలు చాలావరకు పోయాయి. అలాంటి మిల్లులో ఒక రాతిమెట్టును దగ్గరగా ఫొటో తీస్తే చాలు: అంచులు పదునుగానే ఉంటాయి, నడుమ మాత్రం అరిగి గుంట పడి ఉంటుంది. షిఫ్టు మారినప్పుడల్లా ఎక్కి దిగిన కాళ్ల లెక్క అది. తాతో తండ్రో మిల్లులో పనిచేసిన ఇంటివాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

చాలామంది ఈ కళాత్మక ఫొటోలను పురావస్తు శాఖ రికార్డు ఫొటోల్లాంటివే అనుకుంటారు. రికార్డుకు కొలతలు, పూర్తి ఆకారం కావాలి, నీడ అక్కడ అడ్డు. కళాత్మక ఫొటోలో నీడను కావాలనే ఉంచుతారు, కట్టడంలో ముప్పాతిక వంతు ఫ్రేము బయట మిగిలిపోయినా తప్పు లేదు.