బిగ్ బాయ్, అలెగేనీ: ఏ ఆవిరి ఇంజిన్ బలమైనది?

నా ఓటు అలెగేనీకే. అయితే లాగే బలం వేరు, పవర్ వేరు. ఆగి ఉన్న రైలును కదిలించడంలో అమెరికాలోని యూనియన్ పసిఫిక్ రైల్వే వారి బిగ్ బాయ్‌దే పైచేయి: దాని లాగే బలం 1,35,375 పౌండ్లు, అలెగేనీది 1,10,200. వేగం అందుకున్నాక లెక్క మారిపోతుంది. సిలిండర్లు ఆవిరిని గబగబా తాగేస్తుంటాయి కాబట్టి, బాయిలర్ ఎంత ఆవిరి అందించగలదన్నదే అప్పుడు ముఖ్యం. చెసపీక్ అండ్ ఒహాయో రైల్వే కోసం లైమా కంపెనీ 1941లో తెచ్చిన అలెగేనీ గెలిచేది ఇక్కడే. బొగ్గు మండించే దాని భారీ ఫైర్‌బాక్స్‌ను మోయడానికే వెనకాల ఆరు చక్రాలు పెట్టారు. ఇంజిన్ వెనక పెట్టెలు తగిలించే చోట కొలిస్తే ఒక దశలో దాదాపు 7,500 హార్స్‌పవర్ చూపింది. బిగ్ బాయ్ సుమారు 6,300. బాధేమిటంటే, ఇంత సత్తా ఉన్న ఇంజిన్‌ను ఎక్కువగా బొగ్గు రైళ్లకు కట్టి, కొండల్లో మెల్లగా నడిపించారు.