600 ప్రాబ్లమ్స్ చేసినవాళ్లకే కోడింగ్ వచ్చినట్టా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. కాలేజీలో పెట్టిన మాక్ కోడింగ్ టెస్టులో ఒక పొడవాటి సంఖ్యను స్ట్రింగ్‌గా (అక్షరాల వరసగా) ఇచ్చి, వరస మార్చకుండా కొన్ని అంకెలు తీసేసి, మిగిలింది వీలైనంత చిన్న సంఖ్య అయ్యేలా చేయమన్నారట. అన్నిటికంటే పెద్ద అంకెల్ని తీసేస్తూ పోయానంటోంది. ప్రోగ్రామ్‌ను పరీక్షించే 15 టెస్ట్ కేసుల్లో 4 మాత్రమే పాసయ్యాయి. మా తోడికోడలి కొడుకు లీట్‌కోడ్ అనే కోడింగ్ ప్రాక్టీస్ సైట్‌లో 600 ప్రాబ్లమ్స్ చేశాడు. అమీర్‌పేటలో హాస్టల్లో ఉంచి కోర్సు చేయించాలా, ఇంట్లోనే ఆన్‌లైన్‌లో నేర్చుకోమనాలా? అసలు దీనికి కోడింగ్ వస్తుందంటారా? – ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, మీరు అడగాలనుకున్నది ఆ చివరి ముక్కే. కాబట్టి దాని సంగతే ముందు చెబుతాను. వస్తుంది. ఎందుకంటున్నానో చూడండి.

40 అంకెల సంఖ్యలో 20 తీసేయాలంటే 13,784 కోట్ల రకాలుగా తీయొచ్చు. అన్నీ వేసి చూడటం కుదరదని మీ అమ్మాయికి తట్టింది. అందుకే ప్రతి అడుగులో అప్పటికి మేలనిపించింది చేసుకుంటూ వెళ్లింది. గ్రీడీ పద్ధతి అంటే ఇదే. దారి సరైనదే, ఎంచుకున్న నియమం తప్పు. 2139లో ఒక అంకె తీయమంటే ఆమె పద్ధతిలో 9 పోయి 213 మిగులుతుంది. 2 తీసేస్తే 139 వస్తుంది. ఎన్ని అంకెలు మిగలాలో ముందే ఖాయం కాబట్టి, ఎడమవైపు అంకె ఎంత చిన్నదైతే సంఖ్య అంత చిన్నది. చిన్నప్పుడు మనం నేర్చుకున్న ఒకట్లు, పదులు, వందల లెక్కే ఇది. ఎడమ నుంచి చదువుతూ వచ్చి, వెనక (ఎడమ పక్కన) ఉన్న అంకె ఇప్పటి అంకె కంటే పెద్దదైతే ఆ వెనకదాన్ని తీసేయాలి, తీయాల్సినవి మిగిలి ఉన్నంతసేపూ. స్టాక్ (చివర పెట్టింది ముందు తీసే దొంతర) వాడితే ఒక్కో అంకె ఒకసారి లోపలికి వెళ్తుంది, మహా అయితే ఒకసారి బయటికి వస్తుంది. అందుకే లక్ష అంకెలున్నా ప్రోగ్రామ్ చకచకా నడుస్తుంది.

ఇది తెలిసినవాళ్లకు కూడా అన్ని కేసులూ పాసవ్వవు. 1234లో రెండు తీయమంటే ఎక్కడా పెద్ద అంకె తర్వాత చిన్నది రాదు, కాబట్టి చివరి నుంచి కోసి 12 ఇవ్వాలి. 10200లో 1 తీస్తే 0200 మిగులుతుంది, ముందున్న సున్నా తీసేసి 200 అని ఇవ్వాలి. అన్నీ పోతే ఖాళీ స్ట్రింగ్ కాదు, 0 ఇవ్వాలి. ఇక స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చి లెక్క చేద్దామనుకునేవాళ్లు మరో చోట పడతారు. మామూలుగా సంఖ్యకు కేటాయించే 64 బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్యకైనా 20 అంకెలకు మించవు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో కూడా 2022లో వచ్చిన 3.11 నుంచి, మామూలు సెట్టింగ్‌లో, 4,300 అంకెలు దాటిన స్ట్రింగ్‌ను ఇంటీజర్‌గా (పూర్ణసంఖ్యగా) మార్చబోతే ఎర్రర్ ఇస్తుంది.

మీ అమ్మాయి చేయనిది ఒక్కటే. కోడ్ రాయబోయే ముందు 2139 లాంటి చిన్న ఉదాహరణ కాగితం మీద వేసి, తన నియమాన్ని తనే ఓడించడానికి ప్రయత్నించలేదు. ఆ అలవాటు లేకపోవడం తెలివి లేకపోవడం కాదు.

600 సంగతికి వద్దాం. ఈ లెక్కల మీద నాకు నమ్మకం తక్కువ. ఈమధ్య ప్రతి విద్యార్థి ఫోన్లోనూ ఒక 'షీట్', అంటే చేయాల్సిన ప్రాబ్లమ్స్ జాబితా, ఉంటుంది. అందులో ప్రాబ్లమ్ పైనే 'గ్రీడీ' అని శీర్షిక రాసి ఉంటుంది, అంటే సగం జవాబు ముందే చెప్పేసినట్టు. పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. గ్రీడీ ఎక్కడ పనిచేయదో గుర్తుపట్టడమే అసలు కష్టం. 1, 3, 4 రూపాయల నాణేలు ఉన్నాయనుకుని, తక్కువ నాణేలతో 6 ఇవ్వమనండి. పెద్దది ముందు తీసుకునేవాడు 4, 1, 1 ఇస్తాడు. రెండు 3లు చాలు. మన 1, 2, 5, 10, 20 నాణేలతో అదే పద్ధతి చక్కగా పనిచేస్తుంది. తేడా ఎందుకొచ్చిందని అడిగితే వందలకొద్దీ చేసినవాళ్లు కూడా నీళ్లు నమలడం చూస్తూనే ఉంటాను. జవాబు కోడ్‌ను ఏఐ టూల్ సెకన్లలో రాసిచ్చే ఈ రోజుల్లో, బట్టీపట్టిన కోడ్‌కి విలువేముంది చెప్పండి? అలాగని తోడికోడలిగారి అబ్బాయి బట్టీ పట్టాడని నేననడం లేదు. అతని సంగతి నాకు తెలియదు, మీకూ తెలియదు. మీకు తెలిసింది ఒక అంకె మాత్రమే.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. 'దీనికి వస్తుందా' అన్న మాట అమ్మాయి చెవిన పడేలా ఇంట్లో ఎన్నిసార్లు అన్నారు? మార్కులు తగ్గినప్పుడల్లా ఆ అబ్బాయి పేరు ఎత్తితే, రేపు టెస్టులో తప్పు చేసినా మీకు చెప్పదు. ఈసారి ఏం చేసిందో, ఎన్ని కేసులు పోయాయో దాచకుండా చెప్పింది కదా. దాన్ని పోగొట్టుకోకండి. టెన్షన్ మీది, మోసేది ఆ పిల్ల.

అమీర్‌పేటా, ఆన్‌లైనా అంటారా? మూడో సంవత్సరంలో క్లాసులు వదిలి హాస్టల్‌కి పంపడం నాకిష్టం లేదు. హాజరు తగ్గుతుంది, సబ్జెక్టులు మిగిలిపోతాయి. కోర్సు దండగని కాదు. పిల్లలు రాసిన కోడ్‌ను పక్కన కూర్చుని చదివి, తప్పెక్కడుందో అడిగే మాస్టారు దొరికితే డబ్బు పెట్టొచ్చు. వందమందిని కూర్చోబెట్టి స్క్రీన్ మీద జవాబు టైప్ చేసి చూపించేదైతే, అవే వీడియోలు ఇంట్లో ఉచితంగా ఉన్నాయి.

ముందు ఆ టెస్టు ప్రశ్నే మళ్లీ చేయమనండి. లీట్‌కోడ్‌లో అది 402వ నంబర్. తర్వాత 316 చూడమనండి. అక్కడ అంకెలకు బదులు అక్షరాలు, ప్రతి అక్షరం ఒక్కసారే మిగలాలి. వెనకదాన్ని తీసేసే ముందు ఇంకో షరతు చూసుకోవాలి. ఆ షరతేమిటో వీడియో చూడకుండా, రెండు మూడు రోజులు పట్టినా సరే, తనే పట్టుకుంటే ఈ ఏడాదికి ఏ కోర్సూ అక్కర్లేదు. పట్టుకోలేకపోతే ఒంగోల్లోనే శని, ఆదివారాల్లో చెప్పేవాళ్లెవరున్నారో చూడండి. చేర్చే ముందు ఒక డెమో క్లాసులో అమ్మాయి ఆ పాత తప్పు కోడ్‌నే చూపించి, ఇది ఎందుకు తప్పని అడగాలి. మాస్టారు తన జవాబు బోర్డు మీద రాయడం మొదలుపెడితే, ఫీజు కట్టకుండా వచ్చేయండి.