అరకు బయల్దేరే ముందు ఆ టైరు సంగతి

చిట్టితల్లీ,

ఆదివారం స్నేహితులతో అరకు వెళ్తున్నావనీ, కారు నువ్వే నడుపుతావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మనింట్లో ఘాట్ రోడ్డు ఎక్కబోయే మొదటి ఆడపిల్లవని వీధంతా చెప్పుకున్నాను. ఆ తర్వాత "వెనక టైరు పంక్చరైతే అంచు దగ్గర కంతలో రబ్బరు స్ట్రిప్ వేయించిందిలే" అన్నాడు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

లైసెన్సు, కాగితాలు, బ్రేకులు నీకు తెలిసినవే. పెట్రోలు ఎస్.కోటలోపే కొట్టించు. టైరు సంగతి మాత్రం విను.

గాజువాకలో మా పాత కారుకి మేకు దిగింది, సరిగ్గా టైరు అంచులోనే, అంటే రోడ్డుకి ఆనే భాగం పక్క గోడ వైపు తిరిగే చోట. షాపువాడు చక్రం నుంచి టైరు విప్పనే లేదు. పట్టకారుతో మేకు లాగి, కంతలో పోకరు అనే గరుకు ఊచ పెట్టి కెలికి, జిగురు రాసిన స్ట్రిప్ దూర్చి, బ్లేడుతో కోసి "అయిపోయింది సార్" అన్నాడు. తెల్లారేసరికి గాలి సగం లేదు. మళ్లీ వెళ్తే వాల్వ్ మీద ఉమ్మి రాసి చూసి, లోపం దానిదేనని వాల్వ్ మార్చి, డబ్బులు తీసుకున్నాడు. ఆ తర్వాత అదే కంతలో ఇంకో స్ట్రిప్ కుక్కాడు! ఇదేం పనయ్యా అంటే ఫోన్ చూసుకుంటున్నాడు.

అదే టైరుతో అరకు ఘాట్‌లో టైడా ఊరు దాటాక మలుపులో బండి పక్కకి లాగేసింది. సన్నగా వాన. మీ పెద్దమ్మ గొడుగు నా మీద పట్టి, ఒక్క మాట కూడా అనకుండా నిలబడింది. తిట్టినా బాగుండేది. తర్వాత ఇంకో మెకానిక్ టైరు విప్పి చూపించాడు: లోపలంతా నల్లటి రబ్బరు పొడి, టైరుకి బలాన్నిచ్చే దారాలు పోకరు కోసేసి ఉన్నాయి.

అంచు, పక్క గోడ చక్రం తిరిగిన ప్రతిసారీ వంగుతాయమ్మా, అక్కడ ఏ అతుకూ నిలవదు. రోడ్డుకి ఆనే మధ్య భాగంలో, 6 మిల్లీమీటర్లు దాటని కంతకే రిపేరు. అదీ టైరు విప్పి, లోపల చూసి, మష్రూమ్ ప్యాచ్ (కాడ కంతలో దూరి, గొడుగు లోపల అంటుకునే పుట్టగొడుగు లాంటి అతుకు) వేస్తేనే. నీ టైరుకి అతుకు అంచులోనే ఉంటే మార్చడం తప్ప దారి లేదు. చెప్పులు కొనేటప్పుడు నాలుగుసార్లు తిప్పి చూస్తావు కదా, టైరు మీద ఆ మాత్రం శ్రద్ధ లేదేం?

కొత్తది కొనేటప్పుడు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు చూడు. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైనట్టు. నువ్వుండేది లాసన్స్ బే కాలనీ, ఉప్పుగాలికి రిమ్ము అంచు తుప్పు పట్టి అక్కణ్నుంచి కూడా గాలి పోతుంది. సబ్బునీళ్లు పోయించు, బుడగలొస్తే తెలిసిపోతుంది. గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. స్టెప్నీలో కూడా. దిగేటప్పుడు సెకండ్ గేరులో రా, బ్రేకు మీదే కాలుంచకు.

భయపెడుతున్నానని అనుకోకు. నువ్వు బాగా నడుపుతావు, నేను పక్కన కూర్చుని చూశాను కదా. శనివారం పొద్దున్నే కారు మనింటికి తీసుకురా, ఇద్దరం వెళ్లి దగ్గరుండి విప్పిద్దాం. మీ పెద్దమ్మ దారికి పులిహోర కడతానంటోంది. టైరు చూసేదాకా ఇవ్వొద్దని చెప్పాను.

మీ పెదనాన్న